ఇరవయ్యో పెంకు

ఏ నేరమూ చెయ్యని మనిషిని పదేళ్లపాటు మా మధ్యకు రావద్దని పంపేశాం. సింగపూర్‌లో, టోవా పాయోలో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద, రాతిబల్ల చుట్టూ కూర్చుని, పొద్దున తొమ్మిదిన్నరకి, ఇరవై మందిమి ఓట్లు వేసి పంపేశాం. ఆ ఇరవై మందిలో ఆయన కూడా ఒకరు. సరదాకి చేశామని తర్వాత అన్నారు. సరదాకి చేసింది కూడా చేసినట్టే. ఆయన లేచి వెళ్లారు, మళ్లీ రాలేదు. పోయిన నెల చనిపోయారు. పదేళ్లు నిండడానికి అప్పటికి పంతొమ్మిది రోజులు తక్కువ.

ఆయన పేరు నేనిక్కడ రాయను. ఒకసారి రాసిందే ఎక్కువైంది.

ఎక్కడ చదివారు, ఎంతమంది పిల్లలు, ఇవన్నీ నన్నడగొద్దు. సగం తెలీదు, తెలిసిన సగంలో ఆయన లేరు. నా మటుకు ఆయనంటే ఒక ఫ్లాస్కు, ఒక గొడుగు, ఒక మాట. ఫ్లాస్కులో పాలు లేని కాఫీ. గొడుగు ఎండకీ కాదు, వానకీ కాదు, దాని మొనతో గచ్చు మీద పటాలు గీసి చూపించడానికి. మాట "సుదా". మలయ్ భాషలో "అయిపోయింది" అని అర్థం. వాళ్ల తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఇంట్లో తెలుగు నిలిచింది గాని దాని చుట్టూ తమిళమూ మలయూ మొలిచాయి. చెప్పేది ముగియగానే ఫ్లాస్కు మూత బిగించి "సుదా" అనేవారు. ఆ మూత తిరిగాక ఎవరెంత బతిమాలినా ఇంకో ముక్క రాలేది కాదు.

హార్బరులో స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యారు. నేను జురాంగ్ ఐలాండ్‌లో పైపులు వేయించే మేస్త్రీని. నాది ఏడో తరగతి చదువు. తర్వాత చదివిందంతా లైబ్రరీలో, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం. ఆ సంగతి తెలిసిన మొదటిరోజు నుంచీ ఆయన నన్ను "మేస్త్రీ గారూ" అనేవారు. మిగతావాళ్లకి నేను అంకుల్‌ని. ఆయనా అంకులే. ఆ రోజుల్లో నలభై దాటిన తెలుగువాళ్లందరూ అంకుళ్లే.

కంప్యూటర్ల కాలం అది. రెండువేల సంవత్సరం రాగానే మిషన్లన్నీ తలకిందులైపోతాయని ప్రపంచం బెంగపెట్టుకుంది. ఆ బెంగ తీర్చడానికి మన పిల్లలు విమానాల నిండా దిగారు. ఎవరి భుజాన చూసినా నల్లసంచీ, ఎవరి మెడలో చూసినా బిళ్ల. నలుగురేసి, ఐదుగురేసి ఒక్కో ఫ్లాట్లో ఉండేవారు. వాళ్లలో గుంటూరాయన ఒకడు ప్రాజెక్టు మేనేజరు. అందరూ మేనేజర్ గారనేవారు. అతనికి ఆదివారాలు తెలుగువాళ్లందరం కలవాలని బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే, కాదనను. ఈ పెద్దాయన్ని పట్టుకుని, మా అందరికీ పాత సింగపూర్ గురించి చెప్పండి అంకుల్ అని అడిగాడు.

"ఇది నేను చూసిన ఊరు నాయనా. చూసిన ఊరి గురించి చెబితే గొప్పలు దొర్లుతాయి. చూడని ఊరి గురించి చెబుతాను," అన్నారాయన.

అలా ఏథెన్సు మొదలైంది. రెండు వేల అయిదొందల ఏళ్ల కిందటి గ్రీకుల ఊరు. చిన్న ఊరు, రాళ్ల నేల, గింజలు బయటినుంచి రావాలి, పక్కన సముద్రం. ఇంతవరకూ వినగానే మేనేజరు "అచ్చం మన సింగపూరే" అన్నాడు. ఆయన గొడుగు దించి, "పోలికలు ఇంటికెళ్లి వేసుకోండి. ఇక్కడ ఆ ఊరి సంగతే," అన్నారు. రెండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు చెప్పారో నేను లెక్కపెట్టలేదు గాని, మేనేజరు ప్రతిసారీ ఏదో ఒక పోలిక తెచ్చేవాడు.

ఎనిమిదిన్నరకే వచ్చి, బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు పట్టేవారు. ఫ్లాస్కు కొండ. మూతలోంచి ఒలికించిన కాఫీ గీత కొండ నుంచి రేవుకి దారి. టిష్యూ ప్యాకెట్టు పక్కకి తిప్పితే కోటగోడ. ఆ ఊరి పెద్దమనుషుల పేర్లు మాకు నోరు తిరగవని ఆయనే పేర్లు పెట్టారు. చట్టాలు చెక్కల మీద రాయించినవాడు చట్టాలాయన. జనాన్ని పది జట్లుగా కలిపినవాడు పదిజట్లాయన. ఓడలు కట్టించినవాడు ఓడలాయన. కొండ మీద పాలరాతి గుడి కట్టించినవాడు పెద్దతలాయన, అతనికి నిజంగానే తల పెద్దదట. ఈ రోజుకీ పుస్తకంలో అసలు పేర్లు చదివితే ఎవరో పరాయివాళ్లలా ఉంటుంది నాకు.

కుర్రాళ్లకి తొందర. ఫోటోల్లో చూసిన గుడి దగ్గరికి వెళ్లిపోవాలి. "గుడి ఎప్పుడొస్తుందంకుల్?" అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అడిగేవారు. "ఆగు నాయనా, ఊరింకా లేవలేదు" అనేవారు. చట్టాలకి నాలుగు నెలలు పట్టింది. జట్లకి మూడు నెలలు. ఓడలకి కట్టడానికి పట్టినంతా పట్టింది. కొండల్లో కొత్తగా వెండి గని పడితే, తలా ఇంత పంచుకుందామని ఊరంతా అనుకుంటున్నప్పుడు, పంచొద్దు, దాంతో ఓడలు కడదామని ఓడలాయన ఒప్పించాడు. "బోనస్ ఎగ్గొట్టి ఓడలు కట్టాడా!" అన్నాడు నెల్లూరబ్బాయి. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "తర్వాత శత్రువు వచ్చి ఊరు తగలబెట్టాడు. జనం ఆ ఓడలెక్కే బతికారు" అని మూత బిగించారు. సుదా. వారం రోజులు ఊరు తగలబడుతూనే ఉంది మా తలల్లో.

చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆయన చేయించేవారు.

పదిజట్లాయన ఏం చేశాడంటే, సముద్రం ఒడ్డువాళ్లని, ఊళ్లోవాళ్లని, లోపలి పల్లెలవాళ్లని కలిపి ఒక్కో జట్టు కట్టాడు, ఏ పక్షమూ తన మందతో తాను ఉండకుండా. ఇది చెప్పిన మరుసటి వారం నుంచి మా బల్లల దగ్గర చీటీలు మొదలయ్యాయి. కోస్తావాడు ఒకడు, సీమవాడు ఒకడు, తెలంగాణవాడు ఒకడు కలిసి కూర్చోవాలి. అంతకుముందు ఎవరి జిల్లా వాళ్లు ఆ జిల్లా బల్ల దగ్గరే ఉండేవారు, దోసెలు కూడా వాళ్లలో వాళ్లే పంచుకునేవారు. కరీంనగర్ అతను లేచి, "మా వోళ్లంత గాడ కూసున్నరు గద అంకుల్, నేనొక్కణ్నే గీడ ఏం జెయ్యాలె?" అన్నాడు.

"అందుకే నాయనా నిన్ను ఇక్కడ కూర్చోబెట్టింది."

అతను కూర్చున్నాడు. కడపాయన తన డబ్బాలోంచి చట్నీ ముందుకి తోశాడు. ఆ ముక్క వరకూ బాగానే ఉంది. మాట్లాడేవాళ్లకి నీళ్లగడియారం కూడా పెట్టారు. మైలో డబ్బాకి కింద చిన్న బెజ్జం, నీళ్లు కారిపోయేదాకానే మాట. మేనేజరు ఏడాది ప్రసంగం "కాబట్టి మనందరం" దగ్గర ఆగిపోయింది. మనందరం ఏమిటో మాకెప్పటికీ తెలియలేదు.

ఉగాది పాటల పోటీ దగ్గర అసలు పేచీ వచ్చింది. ఆ ఊళ్లో నాటకాల పోటీలకి పదిమంది న్యాయనిర్ణేతలు చీటీల మీద తీర్పు రాసి కుండలో వేస్తే, అందులోంచి అయిదే బయటికి తీసేవారట. మిగతా అయిదూ చూడరు. ఎవరు ఎవరికి చెప్పుకున్నా లాభం లేకుండా. మా పోటీకి కూడా అంతే అన్నారు. మేనేజరు భార్య బాగా పాడింది. నిజంగానే బాగా పాడింది, నేను కూడా చీటీ ఆమెకే రాశాను. అయిదు తీస్తే ఆమెకి రెండు వచ్చాయి, అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయికి మూడు.

"అంకుల్, మిగతా అయిదూ కూడా చూద్దాం. ఏడుగురు మా ఆవిడకే వేశామని నాకు చెప్పారు," అన్నాడు మేనేజరు.

"ఏడుగురు మీకు చెప్పారు. చీటీకి చెప్పారో లేదో," అని ఆయన కుండలో మిగిలిన చీటీల మీద కాఫీ పోసేశారు.

ఎక్కువమందికి ఆయన మీద కోపం అక్కడ మొదలైంది. నాకు ఇంకోచోట. అది కూడా చెప్పాలి. అన్యాయాన్ని గురించి రాస్తూ నా వంతు దాచుకుంటే నాకూ మేనేజరుకీ తేడా ఏముంది.

ఓడల పాఠం నడుస్తున్నప్పుడు నేను లైబ్రరీలో ఒక పుస్తకం పట్టుకుని ముందుగానే చదువుకొచ్చాను. ఆదివారం అందరి ముందూ, తెడ్లు వేసింది బానిసలు అని చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, "మేస్త్రీ గారూ, పుస్తకం మళ్లీ చూడండి," అన్నారు. అంతే. తెడ్లు వేసింది ఎక్కువగా ఆ ఊరి బీదవాళ్లు, సొంత మనుషులు, ఊరిని వాళ్లు మోశారు గనకే సభలో వాళ్ల మాటకి బరువొచ్చింది అని ముందుకి వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లు పైపులు మోసినవాణ్ని. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న పిల్లల ముందు ఆ మూడు మాటలు. మళ్లీ చూశాను. ఆయనదే ఒప్పు. ఆయన తప్పయి ఉంటే నేను ఎప్పుడో క్షమించేసేవాణ్ని.

ఇంక పెంకుల పాఠం. ఆ ఊళ్లో ఏడాదికోసారి, ఎవడైనా ఊరిని మించి పెరిగిపోతున్నాడని జనానికి అనిపిస్తే, పగిలిన కుండపెంకు మీద వాడి పేరు గీసి వేసేవారు. ఎక్కువ పెంకులు ఎవరికి పడితే వాడు పదేళ్లు ఊరు వదలాలి. నేరం చెప్పరు, వాదన వినరు. మనలో వెలి లాంటిదా అని కడపాయన అడిగాడు. ఆయనకి ఆ మాట నచ్చలేదు. వెలివేస్తే మంచినీళ్లు కూడా పుట్టవు, ఇందులో ఇల్లు ఉంటుంది, పొలం ఉంటుంది, పరువు ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు, పదేళ్లయ్యాక వచ్చి తన చోట తాను కూర్చుంటాడు, కాబట్టి దీన్ని పెంకుల తీర్పు అనండి అన్నారు. కుర్రాళ్లకి పెంకులనగానే చిన్నప్పుడు ఆడిన ఏడు పెంకులాట గుర్తొచ్చింది. వాళ్లు పెంకులాట అన్నారు. తీర్పుకీ ఆటకీ మధ్య ఉన్నదంతా ఆ ఒక్క మాటలో జారిపోయింది, ఆ రోజు ఎవరూ గమనించలేదు.

"వచ్చే వారం మనమూ ఆడదాం అంకుల్. ఊరికే డెమో," అన్నాడు మేనేజరు.

ఆయన సరేనన్నారు. షరతులు మూడు. ఇరవై పెంకులకి తక్కువైతే చెల్లదు. పేరు తెలుగులోనే రాయాలి. ఎవరికి వేశారని ఎవరూ ఎవరినీ అడగకూడదు.

మరుసటి ఆదివారం కాఫీ కొట్టు ఆవిడ దగ్గర పగిలిన కప్పులు, సాసర్లు అడిగి తెచ్చారు. పెద్ద ముక్కల్ని చిన్నవి చేసి, ఎవరి వేలూ తెగకుండా ఒక్కో అంచూ గచ్చుకి రాసి నునుపు చేశారు. మేం వచ్చేసరికి వంగి కూర్చుని అరగదీస్తున్నారు. తన మెడకి పడే పెంకు అంచు తానే అరగదీసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

వచ్చినవాళ్లం సరిగ్గా ఇరవై. అందులో టాంపినీస్ నుంచి వాళ్ల నాన్నతో వచ్చే అమ్మాయి ఒకతె. ఇక్కడే పెరిగింది, అప్పటికే బ్యాంకులో ఉద్యోగం. తెలుగు మాట్లాడుతుంది, ఇక్కడివాళ్లలా మాట చివర ఒక లా, ఒక హా తగిలించి. రాయడం రాదు. వెనకటి వారమే ఆయన్ని ఆ ఊళ్లో తనుంటే తనకి పెంకు ఇచ్చేవారా అని అడిగింది. ఇచ్చేవారు కాదమ్మా, ఆడవాళ్లకి లేదు, బానిసలకి లేదు, బయటినుంచి వచ్చి పనిచేసుకునే మనలాంటివాళ్లకి కూడా లేదు, అంత లేచిన ఊరు అక్కడ మాత్రం లేవలేదు అని చెప్పారు. ఆ అమ్మాయి ఇప్పుడు నాకూ ఆయనకీ మధ్య కూర్చుంది. పెంకు చేతిలో పట్టుకుని తిప్పుతోంది. తెలుగు రాయడం రాదు గనక నేను వెయ్యనులే అంది.

ఆ పిల్ల వెయ్యకపోతే పంతొమ్మిది. చెల్లదు. నాకు ఆ లెక్క తెలుసు. ఆయనకీ తెలుసు, షరతు పెట్టిందే ఆయన.

"ఇక్కడ నీకు పెంకు ఉందమ్మా. రాయడానికి నేనున్నాను. ఎవరి పేరు?"

"అంకుల్, యూ డోంట్ మైండ్ హా. మీదే లా."

"నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. ఆదివారం వస్తే మా నాన్న, ఆయన్ని చూసి నేర్చుకో, ఆయన్ని చూసి నేర్చుకో అంటారు. వినీ వినీ సో టైర్డ్ లా."

ఆయన తల ఊపారు. మార్కరు తీసుకుని, ఇంటిపేరుతో సహా, ఒత్తులన్నీ పెట్టి, తన పేరు రాసి ఆ పిల్ల చేతికిచ్చారు. సిరా ఆరేదాకా ఊదమని కూడా చెప్పారు.

నేను అది చూశాను. చూసి, నా పెంకు బోర్లా పెట్టి, నేను కూడా ఆయన పేరే రాశాను.

మేనేజరు లెక్కపెట్టాడు. ఆయనకి పదకొండు. మేనేజరుకి అయిదు. ఒక ఫ్లాట్లో గిన్నెలు తోమని కుర్రాడికి అతని పక్కమంచంవాళ్లు రెండు. ఒకటి ఖాళీ. ఒకదాని మీద నా పేరు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఎవడు నా మీద వేశాడని చుట్టూ చూశాను. నెల్లూరబ్బాయి నేల చూపులు చూస్తున్నాడు. అంతకు రెండు వారాల ముందే నా కుర్చీలో సంచీ పెట్టి, చోప్ చేశానంకుల్, అంటే చోటు పట్టానని, నాతో వాదించినవాడు. వీడేనని నిశ్చయించుకున్నాను. ఆ పెంకు తీసి జేబులో వేసుకున్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు "మా అంకులే విన్నర్" అన్నాడు. ఆయన ఫ్లాస్కు మూత బిగించారు, గొడుగు తీసుకున్నారు, టిష్యూ ప్యాకెట్టు బల్ల మీద నుంచి తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ ప్యాకెట్టు తీయడం చూశాకే నాకు అనుమానం వచ్చింది.

"పదేళ్లు," అన్నారు.

"అంకుల్, ఇది టెస్టింగే. లైవ్ కాదు."

"ఓటు వేశాక టెస్టింగ్ ఏముంది నాయనా. వచ్చే వారం పెద్దతలాయన గుడి మొదలుపెట్టాలి. పటాలన్నీ తయారుగా ఉన్నాయి. సరే, సుదా."

వెళ్లిపోయారు. వచ్చే వారం వస్తారులే అనుకున్నారు. రాలేదు. మేం రెండేళ్లు కూర్చుని కట్టిన ఊరికి గుడి రాలేదు.

ఆయన ఎక్కడికో దూరం పోయారనుకునేరు. మూడు బ్లాకుల అవతలే ఫ్లాటు. ఆ ఊళ్లో వెలుపలికి పోయినవాడు ఫలానా చోటు దాటి లోపలికి రాకూడదని హద్దు ఉన్నట్టే, మా బ్లాకు కింద పోస్టుపెట్టెల వరుసని ఆయన హద్దు పెట్టుకున్నారు. మార్కెట్టుకి అడ్డదారి మా బల్ల పక్కనుంచే. పదేళ్లు ఆ దారి తొక్కలేదు. చేతిసంచీతో, వానలో కూడా, చుట్టూ తిరిగి వెళ్లేవారు. మార్కెట్లో నేను ఎదురైతే అన్నీ మాట్లాడేవారు. "మేస్త్రీ గారూ, ఇవాళ తెంగిరి తాజాగా ఉంది, తీసుకోండి" అని చేప మొప్ప ఎత్తి చూపేవారు. నేను బల్ల ఊసెత్తితే, "అవి ఊరి విషయాలు. బయట ఉన్నవాడు మాట్లాడకూడదు" అని మళ్లీ చేప దగ్గరికి వెళ్లిపోయేవారు.

నేను ఊరుకోలేదు. ఆ ఊరికి ఆపద వస్తే వెలుపలివాళ్లని గడువు తీరకుండానే వెనక్కి పిలిచేవారని చదివాను. ఈసారి రెండుసార్లు చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. కంప్యూటర్ కంపెనీలు కూలి మనవాళ్ల ఉద్యోగాలు పోయినప్పుడు, ఇదే ఆపద, ఆయన్ని పిలవండి అని మేనేజరుకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. సార్స్ జ్వరం వచ్చి ఊరంతా మూతులకి గుడ్డలు కట్టుకున్నప్పుడు మళ్లీ రాశాను. ఈసారి వచ్చింది. గ్రూప్ ప్రస్తుతం యాక్టివ్‌గా లేదు అంకుల్, మీ సలహా నోట్ చేసుకున్నాం అని. ఎవరు నోట్ చేసుకున్నారో, దేనిలో నోట్ చేసుకున్నారో రాయలేదు. అప్పటికి సగంమంది దేశాలు మారారు, కొందరు టాంపినీస్‌లో ఇళ్లు కొనుక్కున్నారు. పంపడానికి ఇరవై మందీ దొరికారు. పిలవడానికి ఇద్దరు దొరకలేదు.

ఆయనకి కూడా, మొదటి ఏడాది ఎదురుచూసి, ఆ తర్వాత ప్రతి ఉగాదికీ ఒక ఉత్తరం వేసేవాణ్ని, ఎదురుగా అడిగితే చేపలోకి దిగిపోతారు గనక. రెండే ప్రశ్నలు. మళ్లీ బల్ల దగ్గరికి వస్తారా? ఆ రోజు మీ పెంకు మీద ఎవరి పేరు రాశారు? రెండోది షరతుకి విరుద్ధమని తెలుసు. అయినా అడిగాను. ఇరవై పెంకుల్లో పంతొమ్మిది ఎవరెవరివో ఏదో ఒకలా తెలుసుకున్నాను, ఊహించుకున్నాను. ఆయనది ఒక్కటే తెలియలేదు. ఆ ఖాళీ పెంకు ఆయనదే అయి ఉంటుందని, అదే ఆయన గొప్పతనమని నాకు నేను చెప్పుకున్నాను. నా పెంకు సంగతి మాత్రం ఏ ఉత్తరంలోనూ రాయలేదు. తొమ్మిది ఉత్తరాలు వేశాను, తొమ్మిదింటిలోనూ ఇతరుల తప్పులే రాశాను. నెల్లూరబ్బాయితో ఆ పదేళ్లూ మాట్లాడలేదు. పెళ్లికి పిలిచాడు, వెళ్లలేదు. కొడుకు పుట్టాడని స్వీట్లు పంపాడు, తిన్నాను గాని మాట్లాడలేదు.

పోయిన నెల టాంపినీస్ అమ్మాయి ఫోను చేసి, పెద్దాయన పోయారని చెప్పింది. మండాయ్ శ్మశానానికి ఆ ఇరవై మందిలో ముగ్గురం వెళ్లాం. మేనేజరు ఏ దేశం నుంచో "గ్రేట్ సోల్" అని ఈమెయిలు పంపాడు. నీళ్లగడియారం లేదు కాబట్టి ఈసారి పూర్తిగా చెప్పాడు.

పదేళ్లు నిండిన ఆదివారం నేను పొద్దున్నే వెళ్లి ఆ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి కూర్చున్నాను. ఎవరికోసమంటే చెప్పలేను. గడువు తీరింది, చోటు ఆయనది, పట్టి ఉంచాలి. అంతే.

ఎనిమిదిన్నరకి టాంపినీస్ అమ్మాయి వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి ఇప్పుడు. కూర్చుని, సంచీలోంచి ఒక కవరు తీసింది.

"మేస్త్రీ అంకుల్, టుడే ఓన్లీ కెన్ గివ్. ముందిస్తే చెల్లదన్నారు. రెండు నెలల ముందు చెప్పి రాయించారు, చెయ్యి వణుకుతోంది కదా."

"ఎవరిచేత రాయించారు?"

"నేనే లా."

నీకు రాదు కదా అన్నాను. ఆ రోజు తర్వాత వచ్చిన సోమవారమే ఆయన ఇంటికి వెళ్లిందట, సారీ చెప్పడానికి. సారీ అక్కర్లేదు, వచ్చేసారి నీ పెంకు నువ్వే రాసుకోవాలి అని పలక ఇచ్చారట. ఫీడర్ బస్సు, రైలు, మళ్లీ నడక. వారానికి ఒక సాయంత్రం, నాలుగేళ్లు. మార్కెట్లో ఆయన్ని అన్నిసార్లు చూశాను, ఈ ముక్క నాతో చెప్పలేదు.

కవరు విప్పాను. అక్షరాలు పెద్దపెద్దవి, ఒత్తులు కిందకి కాకుండా పక్కకి జరిగాయి, కానీ ఒక్కటి కూడా మానలేదు. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తోంది, తప్పులేమైనా ఉన్నాయేమోనని. ఒక్క తప్పూ లేదు. ఇదీ ఆ జవాబు:

"మేస్త్రీ గారికి నమస్కారం. బయట ఉన్నవాడు ఊరి విషయాలు రాయకూడదు కనుక ఇది గడువు తీరాక మీకు చేరుతుంది. మీరు ప్రతి ఉగాదికీ రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది, వస్తారా అని. వస్తాను. పిలిచినందుకు కాదు, పదేళ్లు అయినందుకు. గుడి పటాలు ఉంచాను. రెండోది, నా పెంకు మీద ఎవరి పేరు అని. అడగకూడదన్న షరతు మీరు తొమ్మిదిసార్లు తప్పారు, నేను మీ పెంకు గురించి ఒక్కసారి కూడా అడగలేదు, గమనించే ఉంటారు. పెంకు చిన్నవాడికి వెయ్యరు. ఊరిని మించి పెరుగుతున్నవాడికి వేస్తారు. మన బల్ల దగ్గర అలాంటివాళ్లు నాకు ఇద్దరే కనిపించారు. ఒకరి పేరు ఈ అమ్మాయి కోసం అప్పటికే రాసేశాను. అందుకని నా పెంకు మీద మీ పేరు రాశాను. నెల్లూరబ్బాయితో మాట్లాడండి. సుదా."